బెర్తు: ఎడం నుంచి కేటాయింపు దాకా – ఒక నావిక పదం, దాని తెలుగు అర్థం, నిఘంటు సమస్య

అత్తాపూర్ నుంచి శంషాబాదు విమానాశ్రయానికి బయలుదేరిన ప్రయాణికుడికి దారిలో సముద్రం కనిపించదు. మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ పేటలో 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల సంఖ్యలే చిరునామాలు. ‘ఫలానా నంబరు పిల్లరు దగ్గర’ అంటే చాలు, మనిషి చేరుకుంటాడు. అంతటి మెట్టప్రాంతపు మనిషి విమానాశ్రయంలో అడుగు పెట్టగానే వినే మాటలు మాత్రం చాలావరకు ఓడల మాటలే. పోర్టు అంటే రేవు. బోర్డింగ్ అంటే ఓడ పక్కచెక్క దాటి లోపలికి ఎక్కడం. పైలట్ అంటే, రేవు నీళ్ల లోతుపాతులు తెలిసి, వచ్చిన ఓడకు దారి చూపేవాడు. కెప్టెన్, క్రూ, క్యాబిన్ సరేసరి. విమానం వేగాన్ని లెక్కించే ‘నాట్’, దూరాన్ని కొలిచే 1852 మీటర్ల ‘నాటికల్ మైలు’ కూడా నావికులవే. ప్రయాణికులను విమానం ఎడమవైపు తలుపు గుండా ఎక్కించడం సైతం ఓడను ఎడమపక్కనే రేవుకు ఆనించే పాత అలవాటుకు కొనసాగింపు. తెలుగులో మనం కల్పించుకున్న ‘విమానాశ్రయం’ కూడా ‘నౌకాశ్రయం’ అచ్చులో పోసిందే. గాలివానలో ఓడ తలదాచుకునే చోటు గనుక అది ఆశ్రయం. విమానానికి ఆ మాట రేవు నుంచి వచ్చింది.

ఇన్ని నావికపదాలు విమానం ఎక్కినా, ‘బెర్తు’ ఎక్కలేదు. విమానం నిలిచే చోటు ‘స్టాండ్’ లేదా ‘బే’ అయింది. ప్రయాణికుడికి దొరికేది సీటే. బెర్తు మన దగ్గర రైలెక్కింది. రైలు దిగి మంత్రివర్గంలోకి, క్రీడల పేజీలోకి వెళ్లింది. ఈ ప్రయాణంలో ఆ పదం తన తొలి అర్థాన్ని పూర్తిగా విడిచిపెట్టి దాదాపు విరుద్ధమైన అర్థాన్ని సంపాదించుకుందని, మన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల కూర్పు పద్ధతి ఆ మార్పును పాఠకుడికి తెలియనివ్వడం లేదని ఈ వ్యాసంలో నా ప్రతిపాదన. అందువల్ల కలిగే నష్టం చిన్నది కాదు. తెలుగు మాధ్యమంలో చదువుకుని ఇంగ్లీషు నేర్చుకునే విద్యార్థి ఒక నుడికారాన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుంటాడు. తెలియని పదాన్ని నిఘంటువులో వెతుక్కోవచ్చు; తెలుసనుకున్న పదాన్ని ఎవరూ వెతకరు. బెర్తు అందరికీ తెలిసిన మాట. చిక్కంతా అక్కడే ఉంది.

నీటి మీద బెర్తు

ఇంగ్లీషులో ఈ పదం 17వ శతాబ్ది ఆరంభం నుంచి కనిపిస్తుంది. దీని వ్యుత్పత్తి నిశ్చితం కాదు. ఓడను ఒక దిక్కుకు మళ్లించడం అనే అర్థంలో నావికులు వాడిన ‘బేర్’ అనే క్రియ నుంచి పుట్టి ఉండవచ్చునన్నది ఎక్కువమంది అంగీకరించే అభిప్రాయం. తొలి అర్థం మాత్రం స్పష్టంగానే ఉంది: ఓడ చుట్టూ ఉండవలసిన ఖాళీ జలం. ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే లంగరు వేసిన ఓడ ఎలా ప్రవర్తిస్తుందో తెలియనిదే ఈ అర్థం బోధపడదు.

లంగరు వేసిన ఓడ కదలకుండా నిలబడిపోతుందని ఒడ్డున ఉన్నవారు అనుకుంటారు. నిజానికి లంగరు నేలను పట్టుకుంటుందే గాని ఓడను బిగించి ఉంచదు. గొలుసు పొడవు మేరకు ఓడ గాలివాటాన, పోటుపాట్ల వాటాన లంగరు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. గుంజకు కట్టిన పశువు పలుపు పొడవు మేరకు మేసినట్లే ఇదీ. పలుపు ఎంత పొడవుంటే మేత వలయం అంత పెద్దది. ఆ వలయంలో రెండో ఓడ లంగరు వేస్తే, గాలి తిరిగినప్పుడు రెండూ ఢీకొంటాయి. అందువల్ల కొత్తగా వచ్చే ఓడ ముందుగా నిలిచిన ఓడ వలయానికి అవతలే ఆగాలి. రాయి, ఇసుకతిన్నె, తీరపు మొన వంటివాటిని దాటేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఇలా విడిచిపెట్టవలసిన ఎడమే బెర్తు. ‘వైడ్ బెర్త్ ఇవ్వడం’ అన్న నుడి ఈ జాగ్రత్త నుంచే పుట్టింది. ప్రమాదం ఉన్నచోటికి దూరంగా, సురక్షితమైన ఎడంతో ఓడను నడిపించడం దాని వాచ్యార్థం. ఒక మనిషిని, వీధిని, వివాదాన్ని తప్పించుకు తిరగడం లక్ష్యార్థం.

తరువాతి అర్థాలన్నీ ఈ మూలం నుంచి కొమ్మలుగా విడిపోయాయి. చుట్టూ ఎడం ఉండి ఓడ నిలిచే చోటు, ఆ తరువాత రేవుగట్టు పక్కన ఒక్కో ఓడకు కేటాయించిన చోటు బెర్తులయ్యాయి. ఓడకు చోటైనట్లే ఓడ లోపల నావికుడికి చోటైంది. 18వ శతాబ్దిలో అది రెండు దారులు పట్టింది: నావికుడు పడుకునే అర ఒకటి, ఓడ మీద అతని కొలువు రెండోది. ఈ కొలువు అనే అర్థం నేల మీదికి వచ్చి సుఖమైన ఉద్యోగాన్ని సూచించే ప్రయోగాలు కూడా ఇంగ్లీషులో ఏర్పడ్డాయి. అంటే ఎడం, నిలిచే చోటు, పడుకునే చోటు, కొలువు – ఈ నాలుగూ ఒకే వరసలో పుట్టినవి. ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా ఖాళీ కొంత తగ్గి, చోటు కొంత బిగిసింది. మొదటిది విడిచిపెట్టవలసిన స్థలం. చివరిది పట్టుకోవలసిన స్థలం.

రైలెక్కిన ఓడమాటలు

తెలుగు సముద్రం ఎరుగని భాష కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఓడ వర్తకులకు ఇచ్చిన హామీ. గాలివానకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మాని, సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం చెబుతుంది. రేవు, ఓడ, పడవ, దోనె, తెరచాప మనవే. లంగరు పారసీకం నుంచి, చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి, సరంగు పారసీక ‘సర్‌హంగ్’ నుంచి వచ్చి తెలుగువే అయిపోయాయి. గోదావరి లాంచీ నడిపే సరంగును పరాయి మాటతో పిలుస్తున్నామని ఎవరికీ తోచదు.

అయితే 1956కు ముందటి హైదరాబాదు రాష్ట్రానికి గాని, 2014 తరువాతి తెలంగాణకు గాని తీరం లేదు. ఇక్కడికి సముద్రపు మాటలు నేల మీది దారులనే పట్టుకు వచ్చాయి. ఇందుకు ‘ఖలాసీ’ మంచి సాక్ష్యం. 1886లో వెలువడిన ‘హాబ్సన్–జాబ్సన్’ కోశం ఈ మాటకు డేరాలు వేసేవాడు, సర్వే గొలుసు మోసేవాడు, దేశీయ నావికుడు అనే అర్థాలను పక్కపక్కనే ఇచ్చింది. విశాఖ రేవులో కళాసీ అంటే ఓడ పని చేసేవాడు. సికింద్రాబాదులో ఖలాసీ అంటే రైల్వే వర్క్‌షాపులో పనివాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుదారి వేసిన నాటి నుంచి ఈ నగరానికి రైలే ఓడ, స్టేషనే రేవు. బెర్తు సైతం అదే దారిన వచ్చింది.

రైల్లో బెర్తు తెలుగువాడికి ఎంత సుపరిచితమో చెప్పనక్కరలేదు. లోయర్, మిడిల్, అప్పర్, సైడ్ లోయర్, సైడ్ అప్పర్ అనే అయిదు భేదాలు చదువురానివారికి కూడా తెలుసు. పాత తరహా స్లీపర్ బోగీలో 72 బెర్తులు. ఒక్కోదానికి ఒక సంఖ్య. ఒక్కో సంఖ్యకు ఒక పేరు. ఆర్ఏసీ టికెట్టు ఉన్న ఇద్దరు సైడ్ లోయర్ బెర్తును చెరిసగం పంచుకుని కూర్చోవాలి. ‘సీటు దొరికింది గాని బెర్తు దొరకలేదు’ అన్న వాక్యంలోని బాధను వివరించే అవసరం మన పాఠకుల దగ్గర ఎప్పుడూ రాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. పడుకునే చోటుకు తెలుగులో ‘పడక’ ఉంది. ఆసుపత్రి విషయంలో మనం దాన్ని నిస్సంకోచంగా వాడుతున్నాం. ‘వంద పడకల ఆసుపత్రి’ అని పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు కూడా రాస్తాయి. మరి ‘డెబ్బయి రెండు పడకల బోగీ’ అని ఎవరూ ఎందుకు అనలేదు? హిందీలో రైల్వేశాఖ ‘శాయిక’ను నిలబెట్టింది, రిజర్వేషను పత్రాల మీద అది ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగులో అటువంటి ప్రయత్నమేదీ నిలవలేదు. కారణం భాషాభిమానం కొరవడటమేనని నేననుకోను. రైల్లో మనకు కావలసింది పడుకోవడమే అయినా, ఆ మాటతో మనం చెప్పేది పడుకోవడాన్ని గురించి కాదు. పగలంతా దాని మీద కూర్చునే ప్రయాణం చేసినా అది బెర్తే. పేరు చార్టులో ఎక్కితే, మనిషి ఇంకా ఇంటి దగ్గరే ఉన్నా, ‘బెర్తు ఉంది’ అంటాం. పడక వస్తువు, బెర్తు హక్కు. పరిమితమైన సంఖ్యలో ఉన్న చోట్లలో ఒకటి తన పేరిట కేటాయింపు కావడమే తెలుగు బెర్తుకు మూలార్థమైంది. ఆలంకారికుల మాటలో చెప్పాలంటే, వాచ్యార్థమే మారిపోయింది.

చార్టు నుంచి రాజభవనం దాకా

మూలార్థం ఇలా కుదురుకున్నాకే ‘మంత్రివర్గంలో బెర్తు’ అన్న ప్రయోగం తెలుగులో అంత సహజంగా ఇమిడింది. ఈ ప్రయోగం తెలుగు పత్రికల సృష్టి అని చెప్పలేం. భారతీయ ఇంగ్లీషు పత్రికలు దాన్ని విరివిగా వాడుతున్నాయి. ఓడ మీది కొలువు అనే పాత ఇంగ్లీషు అర్థం నుంచే అది సూటిగా వచ్చి ఉండవచ్చు. కాని తెలుగులో దాని చుట్టూ చేరిన మాటలను గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. బెర్తు ‘ఖరారైంది’, ‘ఖాయమైంది’, ‘కన్ఫర్మ్ అయింది’, ‘దక్కింది’, ‘గల్లంతైంది’ అంటారు. ఆశావహులు ‘వెయిటింగ్ లిస్టు’లో ఉంటారు. సామాజిక వర్గాల వారీగా ‘రిజర్వు’ అవుతుంది. ఈ సహప్రయోగాల్లో ఓడవాసన ఏమాత్రం లేదు. ఇవి రిజర్వేషను కౌంటరు దగ్గర వినిపించే మాటలు. ఇంగ్లీషు రూపకం పుట్టింది ఓడలో కావచ్చు. తెలుగు రూపకం తిరిగి పుట్టింది రైల్లో. పదాన్ని ఎరువు తెచ్చుకున్నాం గాని, రూపకాన్ని మనమే కట్టుకున్నాం. (‘గల్లంతు’ను మాత్రం వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారుల వార్తల్లోనూ చూస్తాం. బెర్తు పక్కన ఆ మాట చేరడం కాకతాళీయమే అయినా, మరచిపోయిన సముద్రం ఒక్కసారి తొంగిచూసినట్లుంటుంది.)

రూపకం బలపడటానికి చట్టం కూడా తోడ్పడింది. 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణ మంత్రిమండలి సంఖ్యను శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి పరిమితం చేసింది. ఆ లెక్కన 119 మంది సభ్యులున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది, 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది. అంతకుముందు మంత్రిపదవుల సంఖ్య ముఖ్యమంత్రి ఇష్టాన్ని బట్టి సాగేది. ఇప్పుడది బోగీలో బెర్తుల మాదిరి లెక్క తేలిన సంఖ్య. ‘ఇంకా రెండు బెర్తులు ఖాళీ’ అన్న శీర్షిక నేడు అక్షరాలా నిజం కాగలదు. క్రీడల పేజీలో ‘సెమీస్ బెర్తు’, ‘ఒలింపిక్ బెర్తు’ కూడా ఇదే తర్కాన్ని అనుసరిస్తాయి. నాలుగు చోట్లు, ఎనిమిది జట్లు.

ఈ ప్రయోగాన్ని పత్రికాభాషలోని కల్తీగా కొట్టిపారేసేవారున్నారు. ‘స్థానం’, ‘పదవి’ ఉండగా బెర్తు ఎందుకని వారి ప్రశ్న. ‘మంత్రిపదవి దక్కింది’ అన్నదానికీ ‘బెర్తు దక్కింది’ అన్నదానికీ తేడా వారి చెవికి అందలేదని నా అభిప్రాయం. పదవికి గౌరవం ఉంది, బాధ్యత ఉంది. బెర్తుకు తొక్కిసలాట ఉంది. ఒకరికి దొరికితే మరొకరికి దొరకదనే లెక్క ఉంది. ఎక్కినవాడు దిగవలసిన స్టేషను ఒకటి ఉంటుందన్న ఎరుక కూడా ఉంది. విలేకరి ఎంచుకున్న మాటలో వ్యాఖ్యానం దాగి ఉంది. దాన్ని ‘పదవి’గా శుద్ధిచేస్తే వ్యంగ్యం పోతుంది.

వర్ణక్రమంలో ఒక ఆధారం

బెర్తు తెలుగులో ఎంత ప్రత్యేకంగా స్థిరపడిందో దాని వర్ణక్రమం కూడా చూపుతుంది. ఇంగ్లీషులో ఈ పదానికీ, ‘పుట్టుక’ అనే అర్థమిచ్చే పదానికీ ఉచ్చారణలో భేదం లేదు; రాతలో ఒక్క అచ్చే తేడా. ఆ ఇంగ్లీషు అచ్చు తెలుగులో లేదు. అది వచ్చిన చోట మనం సాధారణంగా ‘అ’కారాన్నే వాడతాం: సర్వీసు, పర్మిట్, సర్టిఫికెట్, జర్మనీ, టర్మ్, నర్సు, పర్సు. ఇంగ్లీషు రాతలో ‘ఇ’ ఉన్నా, ‘ఎ’ ఉన్నా, ‘ఉ’ ఉన్నా ఫలితం ఒక్కటే. ఈ పద్ధతి ప్రకారం మన పదం ‘బర్తు’ కావాలి. కొందరు అలా రాస్తున్నారు కూడా. కాని ఎక్కువ వాడుకలో ఉన్నది ‘బెర్తు’. జెర్సీ, హెర్బల్ వంటి కొద్ది మాటల్లో తప్ప ఈ ‘ఎ’కారం అరుదు. ‘బర్త్ సర్టిఫికెట్’, ‘బర్త్‌డే’ అప్పటికే ఆ చోటు ఆక్రమించుకుని ఉండటం వల్ల, వాటితో కలగాపులగం కాకుండా ఇక్కడ ఇంగ్లీషు రాతలోని ‘ఎ’ నిలిచి ఉంటుందని నా ఊహ. అదే నిజమైతే, ఇంగ్లీషు చెవికి కుదరని భేదాన్ని తెలుగు వర్ణక్రమం సాధించిందన్నమాట.

చైనీయ అభ్యాసకుడు పడే చిక్కు వేరు

ఇదే పదం మరో భాషవారికి ఎలా కనిపిస్తుందో చూస్తే మన చిక్కు స్వభావం తేటపడుతుంది. చైనీయ భాష మాట్లాడే అభ్యాసకుడిని తీసుకుందాం. ఆ భాష పరాయి పదాన్ని ధ్వనితో సహా తీసుకోవడం కంటే అర్థాన్ని బట్టి కొత్త సమాసం కట్టుకోవడానికే ఎక్కువ మొగ్గు చూపుతుంది. ఓడ ఆగే చోటుకు ‘బో–వెయ్’ అంటారు; మొదటి భాగానికి ఓడను ఆపి నిలపడం, రెండోదానికి స్థానం అని అర్థం. నగరాల్లో కారు నిలిపే చోటుకు కూడా ఇదే మాట. రైలులో పడుకునే చోటు మాత్రం ‘వో–పు’. పడుకొను, పడక అనే రెండు మాటల కూర్పు. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే పదమని చైనీయ విద్యార్థికి కొత్తగా చెప్పాలి. అతనికి ఆ పదంతో పూర్వపరిచయం లేదు. అందువల్ల దురభిప్రాయమూ లేదు.

‘వైడ్ బెర్త్’ నుడికి చైనీయంలో తరచుగా ఇచ్చే సమానార్థకం, కన్‌ఫ్యూషియస్ సంభాషణల్లోని ఒక మాట నుంచి స్థిరపడిన నాలుగక్షరాల నుడి. గౌరవం చూపుతూనే దూరంగా మెలగడం దాని అర్థం. దూరం కుదిరింది గాని, గౌరవం అదనంగా వచ్చి చేరింది. వీధి చివర కరిచే కుక్కకు ఇంగ్లీషువాడు వైడ్ బెర్త్ ఇస్తే, అందులో జాగ్రత్త ఉందే గాని మర్యాద లేదు. కాబట్టి చైనీయ అభ్యాసకుడు పొరపడితే అర్థచ్ఛాయలో పొరపడతాడు, దిక్కు తప్పడు.

తెలుగు అభ్యాసకుడు దిక్కే తప్పుతాడు. అతని భాషలో ఆ పదం ముందే ఉంది. దానికి సుస్థిరమైన అర్థం ఉంది. ఆ అర్థం ఆశించదగినది. కింది వాక్యాలు నేను కల్పించినవి. ‘పార్టీ ఆ నాయకుడికి వైడ్ బెర్త్ ఇచ్చింది’ అన్న భావం గల ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేయమంటే, ‘పార్టీ ఆ నాయకుడికి పెద్ద పదవి ఇచ్చింది’ అనో, ‘విస్తృతమైన అవకాశం కల్పించింది’ అనో రాయడం ఎంతో సులభం. మూలంలో ఆ నాయకుణ్ణి పార్టీ దగ్గరికి రానివ్వలేదు. ఇలాగే ‘ఓడ తీరపు మొనకు వైడ్ బెర్త్ ఇచ్చి సాగింది’ అన్నది ‘విశాలమైన రేవులో ఆగింది’ అయిపోయే ప్రమాదం ఉంది. దాటిపోయిన ఓడ అనువాదంలో లంగరు వేస్తుంది. ‘ఇవ్వడం’ అనే క్రియ కూడా ఇక్కడ విద్యార్థికి ఎదురు తిరుగుతుంది. తెలుగులో బెర్తు ‘ఇస్తే’ అది ఎప్పుడూ లాభమే.

లక్షణను వివరించేటప్పుడు మన ఆలంకారికులు ‘గంగాయాం ఘోషః’ అన్న ఉదాహరణ ఇస్తారు. ప్రవాహం మీద గొల్లపల్లె ఉండటం అసంభవం గనుక, ముఖ్యార్థానికి బాధ కలిగి, తీరం అనే లక్ష్యార్థం స్ఫురిస్తుంది. ముఖ్యార్థబాధ అన్నది తెలిసేది ముఖ్యార్థం తెలిసినవాడికే. గంగ అంటే ప్రవాహమని ఎరగనివాడికి ఆ వాక్యంలో ఇబ్బందేమీ కనిపించదు. ‘వైడ్ బెర్త్’ సాదృశ్యమూలకమైన గౌణి. మనిషి ఓడతోనో రాతితోనో పోలిక పొందుతాడు. చుట్టూ విడువవలసిన జలం అనే ముఖ్యార్థం తెలుగు విద్యార్థికి అందనే లేదు. అతని ముఖ్యార్థం రైలు బెర్తు. దాని మీదుగా పోతే ఏ బాధా కలగకుండానే తప్పు అర్థం హాయిగా కుదిరిపోతుంది. సరైన అర్థం వైపు మళ్లించే తడబాటు అతనికి దక్కదు.

నిఘంటువులు చేయవలసిన పని

మన ద్విభాషా నిఘంటువుల్లో సర్వసాధారణమైన పద్ధతి సమానార్థకాలను కామాలతో పేర్చడం. ఓడ ఆగుచోటు, పడక, ఉద్యోగం అని మూడు మాటలు వరసగా ఇస్తే ఏదీ తప్పు కాదు. అయినా వాటి మధ్య సంబంధమేమిటో పాఠకుడికి తెలియదు. ఏది ఎప్పుడు అన్నదీ తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మూడింటిలో ఏదీ నుడికారానికి తోవ చూపదు. నుడికారాన్ని చివర విడిగా చేర్చి ‘దూరంగా ఉండు’ అని అర్థం రాస్తే, పడకకూ దూరానికీ పొంతన కుదరక విద్యార్థి దాన్ని బట్టీ పట్టవలసిందే.

తెలుగులో ఇంతకంటే మేలైన సంప్రదాయం లేకపోలేదు. సి.పి. బ్రౌన్ 1854లో ప్రచురించిన మిశ్రభాషా నిఘంటువు, తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలను వాటి తెలుగు జీవితం కోసమే ప్రత్యేకంగా నమోదు చేసింది. పారసీక, అరబ్బీ మాటలు కచేరీల్లో ఏ రూపంలో, ఏ అర్థంలో నలుగుతున్నాయో బ్రౌన్‌కు కావలసి వచ్చింది. పదం మూలభాషలో ఏమిటన్నది ఒక ప్రశ్న, తెలుగులో ఏమిటన్నది మరో ప్రశ్న అని ఆయన గుర్తించడం ఈ కృషి విలువ. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ (1962), చేనేత (1971) వృత్తిపదకోశాలు పదాన్ని వాడేవాడి నోటి నుంచి, పని జరిగే చోటి నుంచి సేకరించాలన్న నియమాన్ని స్థాపించాయి. ఈ రెండు దృష్టులూ ఇంగ్లీషు ఆదానపదాలకు ఒకేసారి వర్తించిన కోశం మనకు రావలసి ఉంది. ఇంగ్లీషు మాటలు పరాయివి గనుక తెలుగు నిఘంటువులో వాటికి చోటులేదని, తెలిసినవే గనుక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో వాటిని వివరించనక్కరలేదని రెండువైపులా తలుపులు మూసుకున్నాం. బెర్తు ఆ రెండు తలుపుల మధ్య నిలబడి ఉంది.

అభ్యాసకుడి కోసం రాసే ఆరోపం ఎలా ఉండాలో నాకు తోచినది చెబుతాను. మొదట ‘ఎడం’ అన్న అర్థం రావాలి: నీటిలో ఓడ చుట్టూ, లేదా ఓడకూ ప్రమాదస్థలానికీ మధ్య విడువవలసిన ఎడం. వెంటనే దాని కిందే నుడికారం ఉండాలి, చివరిదాకా ఆగకూడదు. ఆ తరువాత రేవుగట్టు పక్కన ఓడకు ఇచ్చిన చోటు. ఇక్కడ ‘రేవు’ అని గాని ‘నౌకాశ్రయం’ అని గాని రాయకూడదు. ఒక నౌకాశ్రయంలో అనేక బెర్తులుంటాయి. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవును గురించి తెలుగు పత్రికలు రాసేటప్పుడు ‘బెర్తు’నే వాడతాయి, అదే ఇవ్వడం న్యాయం. ఆపైన ఓడలో, రైల్లో పడుకునే చోటు; దానికి తెలుగు పర్యాయం వెతికే శ్రమ వద్దు, ‘బెర్తు’ అంటే చాలు. చివరగా కొలువు, పోటీలో లేదా మంత్రివర్గంలో స్థానం. దీని పక్కన ఒక హెచ్చరిక చేర్చాలి: తెలుగులో బెర్తు ఇవ్వడం అంటే లోపలికి తీసుకోవడం, ఇంగ్లీషులో ‘వైడ్’ అనే విశేషణంతో బెర్తు ఇవ్వడం అంటే దూరంగా తొలగడం. ఈ ఒక్క వాక్యం ఉంటే పైన చెప్పిన కల్పిత అనువాదాలు పుట్టవు.

నుడికారానికి తెలుగులో ఏమివ్వాలి? ‘తప్పించుకు తిరుగు’ అనవచ్చు గాని, అందులో పిరికితనమో అపరాధమో ధ్వనిస్తుంది. అప్పులవాణ్ణి తప్పించుకు తిరిగేవాడి మాట అది. ‘దూరం పాటించు’ మరీ సర్కారీ భాష. నాకు నచ్చింది ‘ఆమడ దూరంలో ఉండు’. ఆమడ కొలత, ఎవరూ కొలవకపోయినా ఆ మాటలో నేల పరచుకుని ఉంటుంది. ఇంగ్లీషు నుడిలో నీరు ఉన్నట్లే మన నుడిలో దారి ఉంది. భయం, జాగ్రత్త, అయిష్టం మూడింటికీ అది సరిపోతుంది; గౌరవాన్ని బలవంతంగా చేర్చదు. అతిశయోక్తి కొంత ఎక్కువే, కాదనను. నావికుడు వదిలేది కొన్ని బారల నీరు, మనం వదిలేది ఎనిమిది మైళ్ల నేల.

మూలార్థానికి ‘ఎడం’ అన్న మాటను ఎంచుకోవడానికి కారణం కూడా చెప్పాలి. ‘ఖాళీ’, ‘జాగా’, ‘స్థలం’ వాడవచ్చు. కాని అవి ఆక్రమించుకోదగిన చోటును చెబుతాయి. నగరంలో జాగా అంటే రిజిస్ట్రేషను చేయించుకునేది. ఎడం రెండింటి మధ్య ఉండేది. అది ఎవరి సొత్తూ కాదు. వరినారు ఎడంగా నాటాలంటారు, పందిరి గుంజలు ఎడం ఎడంగా పాతుతారు, గిట్టనివారు ఎడంగా మెలగుతారు. మొదటి ప్రయోగంలో ఎదుగుదలకు కావలసిన ఖాళీ, చివరిదానిలో మనుషుల మధ్య దూరం. బెర్తు అనే ఇంగ్లీషు పదం లంగరు వలయం నుంచి ‘వైడ్ బెర్త్’ దాకా నడిచిన దారే ఇది. మన మాట ఆ దారి మొత్తాన్ని వరిమడిలోనే నడిచింది.

ఒక అభ్యంతరం మిగిలి ఉంది. ‘ఎడం’ అన్న రూపం వాడుకలో ఎడమవైపును కూడా సూచిస్తుంది. ‘ఎడంచెయ్యి’, ‘ఎడంపక్క’ అంటాం. ఓడకు ఎడమపక్క అన్నది నావికభాషలో వేరే పారిభాషిక పదమై, విమానం తలుపు దాకా వచ్చిన సంగతి మొదటే చెప్పుకున్నాం. నావికపదాన్ని వివరించే ఆరోపంలో ‘ఓడకు ఎడం’ అని రాస్తే పాఠకుడు ఎటు చూడాలి? కోస్తా జిల్లాల పాఠకుడి విషయంలో ఈ సందిగ్ధం నిజమైనదే. అందుకే ఆరోపంలో ‘చుట్టూ’, ‘మధ్య’ అనే మాటల తోడు లేకుండా దీన్ని వాడకూడదు. హైదరాబాదులో మాత్రం అంత ఇబ్బంది ఉండదు. అత్తాపూర్‌లో పిల్లరు నంబరు చెప్పి ఆటోడ్రైవరుకు దారి చూపించేవారు ‘ఎడంపక్కకు తిప్పు’ అనరు, ‘లెఫ్ట్ తీస్కో’ అంటారు. ఆ అర్థం ఇప్పటికే వేరే మాటకు వెళ్లిపోయింది. ఈ అర్థానికి ‘ఎడం’ ఇంకా ఖాళీగా ఉంది.